మీ పేరు అడిగారు

ఏమండీ,

మొన్న నా కంటికి ఆపరేషన్ చేశారు. పక్క మంచం ఆయనదీ మీ పేరే కావడంతో, ఆయనకి వెయ్యాల్సిన ఇంజెక్షన్‌ మీకు పొడిచిన ఆ కాకినాడ ఆసుపత్రిలోనే. ఇప్పుడక్కడ కంట్లో చుక్కలు వెయ్యాలన్నా నర్సు ముందు పేర్లు అడుగుతోంది.

"మీ పేరు, మీ ఆయన పేరు చెప్పండమ్మా."

"చేతి పట్టీ మీద రాసుందిగా, చదువుకో. పొర నా కంటికి గానీ నీ కంటికి కాదుగా!"

"మీ నోటితోనే చెప్పాలండి. ఇదివరకు ఇక్కడ పొరపాటు జరిగిందంట."

ఆ పొరపాటుకి పోయింది మీరేనని చెప్పలేదు. కాపురం చేసినన్నాళ్ళూ పలకని పేరు పలికాను.

"సత్యనారాయణ గారు."

చుక్కలు వేసినప్పుడల్లా అడిగింది. సాయంత్రానికి ఆ పిల్ల ఎప్పుడొస్తుందా అని చూశాను.

ఇంట్లో చుక్కలు నేనే వేసుకుంటున్నాను. ఎవరూ అడగకపోయినా, ముందు మీ పేరు చెప్పి వేసుకుంటున్నాను.