బటన్ టైర్లు వేసిన బండి

1 జూన్ 2025, ఆదివారం

మా ఇంట్లో నన్ను భయం లేని గుంట, భయం లేని పిల్ల అంటారు. ఇరవై నాలుగేళ్ల నుంచీ అదే మాట. ఒక్కరికైనా అనుమానం రాలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఎదురొచ్చే ప్రతి లారీకీ నా కాళ్లు బిగుసుకుపోతాయి. గట్టిగా మాట్లాడతాను కదా, అదే ధైర్యం అనుకుంటారు.

ఇవాళ అన్నాల దగ్గర బండి సంగతి చెప్పేను. ఫోన్లో వీడియోలు సూసి సూసి దీనికి మతి పోయిందని అమ్మ. మా మేనత్త కొడుకు నరేష్ బావ ఊరుకుంటాడా? ఏటే భవానీ, సర్కసులో సేరతన్నావా, నాకో టికెట్టు ఉంచు అన్నాడు. నాన్న ముప్పై ఎనిమిదేళ్లు లారీ తోలిన మనిషి. చెయ్యి కడుక్కుని లేచిపోయేడు.

సంగతి ఇంతే. కొండ మీద బొండిగూడలో నలభై ఇళ్లు. ప్రతి మంగళవారం వెళ్లి గర్భిణులకి రక్తం చూడడం నా డ్యూటీ. వానలు పడితే నేను పనిచేసే ట్రస్టు జీపు కొండ ఎక్కదు. డ్రైవరు ఇప్పుడే రానంటన్నాడు. అందుకని కాలేజీకి తిరిగిన నా నూటయాభై సీసీ బండిని కొండబాటకి మార్పించుకుంటాను. భయం కాబట్టే మార్పించుకుంటన్నాను. భయం లేకపోతే ఉన్న బండి మీదే పోదును.

4 జూన్

పాతపట్నంలో మెకానిక్ ఎజ్రా మావ షెడ్డు. స్పానర్ పట్టుకునే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాడు. నట్టు రాకపోతే బూతులు. రెండూ ఒకే గొంతుతో.

శారీ గార్డు ఊడదీసేడు. ముందు మడ్‌గార్డు పైకి ఎత్తేడు, బురద పట్టేయకుండా. సైలెన్సర్ కూడా పైకే. ఇంజిన్ కింద లారీ డోరు రేకు కోసి బిగించేడు. వెనక షాకులు పొడుగువి. చైన్ వెనక పళ్ల చక్రం పెద్దది. స్పీడు పోద్ది, బలం వస్తాది అన్నాడు. ఆఖరికి బటన్ టైర్లు. ముట్టుకుంటే మొసలి వీపులా ఉన్నాయి.

దిగేటప్పుడు బ్రేకు మీద నిలబడిపోకు, ఫస్ట్ గేరులో ఒదిలీ, ఇంజినే పట్టుకుంటాది అన్నాడు. వెనక బ్రేకు కావాలనే లూజుగా ఉంచేడట. చక్రం బిగిసిందంటే అమ్మా, బండి నీ మాట ఇనదు, కొండ మాట ఇంటాది.

ఇంటికొచ్చేసరికి నాన్న బండి చుట్టూ రెండుసార్లు తిరిగేడు. 

10 జూన్, మంగళవారం

ఏడు కిలోమీటర్లు. రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటాలి. మొదటి దాంట్లో నీళ్లు పాదం మునిగేంత, రెండో దాంట్లో రాళ్లు. ఎక్కడం ఫరవాలేదు, కళ్ల ముందు నేలే కనిపిస్తుంది. దిగడమే. ముందు చక్రం అవతల ఏమీ ఉండదు, ఆకాశం తప్ప. పెదవి కొరుక్కున్నానని కిందకి వచ్చేక రక్తం రుచి తెలిసింది.

పదకొండు మందికి చూసేను. లక్ష్మణమ్మకి ఎనిమిదో నెల, హెమోగ్లోబిన్ ఏడు పాయింట్ నాలుగు, పదకొండు ఉండాలి. వారం వారం చూసి మందు ఇవ్వకపోతే కాన్పుకి కష్టం. అది ఆమెకి తెలుసు. అయినా బండిని చూసి పకపకా నవ్వింది. దీనికీ నెల్లు నిండినట్టున్నాయే, ఇలా పైకి లేసిపోయిందేటి అంది.

12 జూన్

రెండు రోజులుగా అన్నం సగంలోనే వదిలేస్తన్నాను. జ్వరమా అని అడిగింది అమ్మ. అవునన్నాను.

17 జూన్, మంగళవారం, సాయంత్రం 6:10

పడ్డాను.

రెండో మలుపు దిగుతుంటే. బ్రేకు మీద నా కాలు లేదు. లేదు, ఒట్టు, నాకు బాగా గుర్తు. ఫస్ట్ గేరు, మావ చెప్పినట్టే. ఉన్నట్టుండి వెనక చక్రం బిగిసిపోయింది. గులకరాళ్ల మీద బండి అడ్డంగా తిరిగి, నన్ను కిందేసి, తను ఇంకో రెండు బారలు జారి జీడిమామిడి చెట్టుకి తగిలి ఆగింది. ఆ చెట్టు వెనక నేల లేదు. కింద ఎక్కడో గెడ్డ చప్పుడు.

బ్రేకు డ్రమ్ము కాలిన వాసన. సీసాలో నీళ్లు పోస్తే సుయ్‌మంది. మోకాలి చిప్ప మీద చర్మం లేదు. గంటసేపు అక్కడే కూర్చున్నాను. ఏడవలేదు. ఏడుపుకి కూడా కొంచెం ఊపిరి కావాలి.

ఇంట్లో ఆఫీసు మెట్ల మీద జారేనని చెప్పేను. నిజం చెబితే బండి అమ్మేస్తారు.

18 జూన్

ఎజ్రా మావ వంగి చూసి, వెనక బ్రేకు నట్టు నాలుగు చుట్లు బిగించి ఉందన్నాడు. ఎవులు ముట్టుకున్నారే దీన్ని? నేను కాదన్నాను. తను కాదని బైబిల్ మీద చెయ్యి వేసేడు.

చక్రం తిప్పి చూపించేడు. చదును నేల మీద ఇలా బిగించినా ఏమీ తెలీదట. పొడుగు షాకులు కదా, దిగేటప్పుడు బండి వెనక భాగం లేస్తుంది, లేస్తే బ్రేకు రాడ్డు లాక్కుంటుంది. లూజు ఉంటే సరి. లేకపోతే తొక్కకుండానే బ్రేకు పడిపోద్ది అన్నాడు. నీ అదురుష్టం బాగుందనీ అన్నాడు. ఆ మాట వద్దన్నా వింటే కదా.

మళ్లీ వదులు చేసేడు. ఇంటికి వచ్చి నట్టు మీంచి రాడ్డు మీదకి ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీసేను. నట్టు కదిలితే గీత విరుగుతుంది.

24 జూన్, మంగళవారం

వెళ్లలేదు. కడుపునొప్పి అని మెసేజ్ పెట్టేను.

25 జూన్

నేను రాలేదని లక్ష్మణమ్మే దిగి వచ్చిందట. ఆ కడుపుతో ఏడు కిలోమీటర్లు. ఆఫీసు వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చుని, మా పిల్లకి ఏటయిందని అడిగి, మళ్లీ ఎక్కి వెళ్లిపోయిందట. పరీక్ష చేసేవాళ్లు లేరు.

మా పిల్ల.

26 జూన్, ఉదయం

గీత కలవట్లేదు.

వేలి వెడల్పంత జరిగిపోయింది. బండి పద్దెనిమిదో తారీకు నుంచి పెరట్లోనే ఉంది. గేటుకి లోపలి గొళ్లెం. కుక్క మొరగలేదు. అంటే తెలిసిన మనిషి. అన్నం తింటూ అందరి చేతులూ చూసేను, గ్రీజు మరక కోసం. సొంత ఇంట్లో, సొంత మనుషుల చేతులు.

నరేష్ బావ పాలకి వస్తే అడిగేసేను. నీ బండిని ముట్టుకుంటే నాకు గ్రీజు తప్ప ఏటొస్తాది అన్నాడు. వెంటనే మొహం మారిపోయింది, ఏటయిందే అని నెమ్మదిగా అడిగేడు. ఏమీ లేదన్నాను. బావ కాదు.

కొండ మీద భయం తెలిసిన భయం. ఇది వేరు. ఇది నాతో పాటు ఫ్యాను కింద పడుకుంటోంది.

27 జూన్, ఉదయం 5:20

వంటింటి కిటికీలోంచి చూసేను. నాన్న.

వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మొదట టైరుని ముట్టుకుని కళ్లకి అద్దుకున్నాడు. లారీ తీసే ముందు ప్రతి రోజూ అలాగే అద్దుకునేవాడు. తరవాత బొటనవేలితో నట్టు తిప్పేడు. ఒక చుట్టు. ఇంకొకటి. దుప్పటి సర్దినంత నెమ్మదిగా.

అదే రోజు, 9:00

అడిగేను. దాచలేదు. బ్రేకు కొంచెం పట్టుకుని ఉంటే బండి స్పీడు అందుకోదు, అందుకే అన్నాడు. ఘాటీ రోడ్లలో పడిపోయినోళ్లని ఎంతమందిని పైకి తీసేనో నీకు తెలీదే, బ్రేకు టైటుగా ఉన్న బండి మనిషిని సంపదు అన్నాడు.

ప్యాంటు పైకి మడిచి మోకాలు చూపించేను. షాకుల సంగతి చెప్పేను. రాడ్డు సంగతి, జీడిమామిడి చెట్టు సంగతి. మెట్ల మీద జారేనన్నది అబద్ధమని కూడా. అది అప్పుడే చెప్పి ఉంటే నాన్న చెయ్యి ఆగేదేమో. అది నా తప్పు. రాసుకుంటన్నాను.

నాన్న గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయేడు. అమ్మ నీళ్లు తెచ్చింది. తాగలేదు. ఇప్పటికైనా ఆ కొండ మానీవే తల్లీ అంది అమ్మ.

ఇంక ముట్టుకోనని చెప్పు నాన్నా, చాలు అన్నాను. తన అరచేతులు చూసుకున్నాడు. నీకు అబద్ధమెలా సెప్పను అన్నాడు. ఈ నట్టు ముట్టను. ఇంకోటేదో సేస్తాను. ప్లగ్గు పీకుతాను, గాలి తీస్తాను. నువ్వు ఎల్తున్నావంటే నా సెయ్యి ఊరుకోదే.

నిజమే చెప్పేడు. 

28 జూన్

లక్ష్మణమ్మ కాన్పుకి ఇంకో ఆరు వారాలు.

29 జూన్, ఆదివారం

కొండ కింద మెళియాపుట్టిలో గది తీసుకున్నాను. రేపు బండితో సహా వెళ్లిపోతాను. ఎల్లుండి మంగళవారం, కొండెక్కుతాను.

నాన్న అడ్రస్ అడిగేడు. చెప్పలేదు. చెప్పను.