దాతల సీటు

దీవెనా,

నువ్వు పనికి చేరిన ఎడ్లపాడు నూలు మిల్లు హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరని మీ అమ్మ చెప్పింది, అందుకే ఈ ఉత్తరం.

నర్సింగ్ కాలేజీ సీటు వదిలేశాను. మార్కులు నీకే ఎక్కువ వచ్చినా, మా తాతయ్య కాలేజీకి స్థలమిచ్చాడని సీటు నాకిచ్చారు. నేను తప్పుకుంటే నీకొస్తుందనుకున్నాను. "అది దాతల కోటా అమ్మాయ్, బయటోళ్లకియ్యం" అని ప్రిన్సిపాల్ గారు ఇంకో దాత మనవరాలికిచ్చేశారు.

తాతయ్య నాతో మాట్లాడటం లేదు. నిన్న మా పత్తిచేలో కలుపు తీస్తూ మీ అమ్మ, "ఎంత పని చేశావే తల్లీ. మా పిల్లకెట్టాగూ రాలా. నువ్వన్నా చదువుకుంటావనుకున్నా" అని కళ్లు తుడుచుకుంది. ఆమె పక్కనే వంగి పొద్దుగూకేదాకా కలుపు తీశాను.

తిట్టాలనిపిస్తే తిట్టు. జవాబు మాత్రం రాయి.

నీ నేస్తం