గుండుసూదులు గుచ్చని నవల

ఏమండీ,

మీరు పోయి ఈ ఆదివారానికి ఏడాది. చర్చి నుంచి వస్తుంటే పక్కింటి రూతమ్మ ఒక నవల చేతిలో పెట్టింది. వరస హత్యల కథ. "యాడా ఆగదక్కా, రైలు మాదిరి పోతాండాది. ఒక్క పూటలో ముగిస్తిని" అంది. వాళ్ళ కోడలు మాత్రం మొహం చిట్లించింది. "ఆ స్పీడుకు సచ్చినోళ్ళ పేర్లు గూడా గుర్తుండవత్తా."

ఇలాంటివి కుడతిని కరెంటు ప్లాంటులో డ్యూటీ నుంచి వచ్చాక మీరే ముందు చదివేవారు. నేను జడుసుకునే పేజీలన్నీ కలిపి గుండుసూది గుచ్చి ఇచ్చేవారు. అందులో ఏముందని అడిగితే, "ఏం లేదే, ఒగడు సచ్చిపోయినాడు, అంతే. ముందుకు పో" అనేవారు.

ఈ మధ్యాహ్నం మూడో హత్య దగ్గర ఆగిపోయాను. హంతకుడు పట్టపగలే, నీళ్ళ క్యాను వేసేవాడిలా వచ్చాడు. లేచి తలుపు గడియ పెట్టి, మీ సూదుల డబ్బా తెచ్చుకున్నాను. ఏ పేజీలు గుచ్చాలో తెలియాలంటే ముందు నేనే చదవాలి. ఇన్నేళ్ళూ ఆ భయమంతా మీరొక్కరే చదివారన్నమాట.

అంతలో తలుపు చప్పుడైంది. "నీళ్ళమ్మా!"

"ఒగడు సచ్చిపోయినాడు, అంతే. ముందుకు పో" అని మీలాగే పైకి అనుకున్నాను.

గడియ మాత్రం తీయలేదు.