బండిలోని ఊదుబత్తి స్టాండు

బుసైతీన్, బహ్రెయిన్

అక్కకు,

తమ్ముడు రాజేశం నమస్కారాలు. నువ్వు, బావ, లావణ్య కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. బావకు నడుం నొప్పి తగ్గిందా? నాకు ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. కంగారు పడకు, పని పోలేదు, జ్వరం రాలేదు. ముందు నేను చెప్పే పని చేసి, తర్వాత మిగతా ఉత్తరం చదువు. నీ టిఫిన్ బండిలో సిలిండర్ పక్కన నేను బిగించిన ఊదుబత్తి స్టాండు ఉంది కదా. ఇంక అక్కడ ఊదుబత్తి వెలిగించవద్దు. ఇవాళ్టి నుంచే వద్దు.

ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. రెండుసార్లు చెప్పాను. ఒకసారి గిరాకీ ఉందని పెట్టేశావు. ఇంకోసారి "సరే తియ్ రా, సూత్త" అని నవ్వావు. అందుకే నాతోపాటు మా యజమాని ఇంట్లోనే వంట చేసే, నిర్మల్ ఊరి గంగన్న సెలవు మీద వస్తుంటే ఆయన చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నువ్వు చదివేదాకా బండి దగ్గరే నిలబడమన్నాను.

ఇక్కడ ఇప్పుడు చలికాలం. ఈ రోజుల్లో ఇక్కడివాళ్లు ఎడారిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉంటారు. మా కఫీల్‌కు, అదే నన్ను పనిలో పెట్టుకున్న యజమానికి, ఒక క్యారవాన్ ఉంది. అంటే కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు అనుకో. లోపల మంచాలు, పొయ్యి అన్నీ ఉంటాయి. దాని ముందు, కారుకు తగిలించే ఇనుప చట్రం మీద రెండు గ్యాస్ సిలిండర్లు నిలబెట్టి బెల్టుతో కట్టి ఉంటాయి. వాటిని చూసుకోవడం నా డ్యూటీ. కదిలే ముందు వాల్వులు మూయాలి. దిగాక బెల్టూ పైపూ చూసి గానీ తెరవకూడదు. కఫీల్ మొదటిరోజే దగ్గరుండి చూపించాడు.

నేను దానికి మన అలవాటు కూడా జోడించాను. పూజ చేయకుండా బండి కదిలించని ఇంట్లో పుట్టినవాణ్ణి కదా! సిలిండర్లకు పసుపు రాసి బొట్లు పెట్టాను. రోజూ పొద్దున్నే ఆ రెండింటి మధ్య సందులో ఊదుబత్తులు గుచ్చి దండం పెట్టుకునేవాణ్ణి. కఫీల్ తల్లికి ఆ వాసన ఎంతో ఇష్టం. వాళ్లూ ఇంట్లో నిప్పుల మీద సుగంధపు చెక్క వేస్తారు. "జైన్, జైన్" అని మెచ్చుకునేది. నేను పొంగిపోయేవాణ్ణి.

పోయిన గురువారం సాయంత్రం గుడారం చోటు మార్చాం. ఇసుక గుంతల్లో బండి ఎగిరెగిరి పడింది. ఆగగానే టీ కావాలని కఫీల్ "యల్లా, యల్లా" అని తొందరపెట్టాడు. నేను బెల్టు చూడలేదు, పైపు చూడలేదు, వాల్వు తెరిచేశాను. తప్పు నాదే అక్కా.

మర్నాడు పొద్దున స్నానం చేసి ఊదుబత్తులు పట్టుకుని అక్కడికి పోయాను. మంచుకు అగ్గిపెట్టె మెత్తబడింది. ఒక పుల్ల అంటుకోలేదు. రెండో పుల్ల తల రాలిపోయింది. మూడోది తీస్తుంటే వెనక నుంచి గంగన్న కేక.

"అరేయ్ రాజేశం, ఆగురా! ఏందిరా గీ వాసన?"

"ఉల్లిగడ్డలు కుళ్లినట్టున్నయ్ అన్నా."

"ఉల్లిగడ్డలు గాదు, నీ తలకాయ! గ్యాసురా! అగ్గిపెట్టె అవుతల పారెయ్!"

నా ముక్కుకూ ఏదో తగిలింది అక్కా. చేతిలో ఊదుబత్తుల వాసన దాన్ని కప్పేసింది. అగ్గిపెట్టె దూరంగా విసిరేసి వాల్వులు రెండూ మూశాను. లోపల ముసలావిడ, ఇద్దరు మనవరాళ్లు పడుకుని ఉన్నారు. లైటు వేయకుండా తలుపు బార్లా తీసి, లేపి, దూరంగా ఇసుకలోకి నడిపించాం. గాలి ఆడాక గంగన్న వాల్వు కొద్దిగా తెరిచి పైపు అతుకు మీద సబ్బునీళ్లు పోశాడు. నురగ బుడబుడమని పొంగింది.

గ్యాస్ వాసన నేనే పట్టానని ముసలావిడ అనుకుంది. నా తల మీద చెయ్యి పెట్టి దువా చదివింది. సిగ్గుతో చచ్చిపోయాను. మూడు రోజులు కడుపులో దాచుకున్నాను. నాలుగో రోజు కఫీల్ దగ్గరికి పోయి ఊదుబత్తుల సంగతి, బెల్టు సంగతి అంతా చెప్పేశాను. పంపించేస్తాడనే అనుకున్నాను. "దువా దూర్ సే భీ లగ్తీ హై, రాజేశ్. ఖలాస్," అన్నాడు. దూరం నుంచి మొక్కినా దేవుడికి అందుతుందని, ఇక ఈ సంగతి ఇంతటితో వదిలెయ్యమని.

ఆయన వదిలేశాడు గానీ నా భయం నన్ను వదలలేదు. ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే లేచి అవతలికి పోతున్నాను. ఆ శబ్దం వినగానే నీ బండే కళ్లముందుకొస్తుంది. లావణ్య బడికి పోయే ముందు ఆ సిలిండర్ పక్కనే స్టూలు వేసుకుని ఇడ్లీ తింటుంది కదా. పోయిన సెలవులో డ్రిల్లు అడిగి తెచ్చి మరీ ఆ స్టాండు బిగించింది నేనే. నువ్వు వద్దన్నా వినలేదు.

గంగన్న చేతికి సబ్బునీళ్లు చల్లే సీసా పంపుతున్నాను. సిలిండర్ మార్చినప్పుడల్లా అతుకు మీద చల్లి చూడు. బుడగ లేస్తే పొయ్యి వెలిగించకు. బండి తోసేటప్పుడు సిలిండర్ పడుకోబెట్టకు, నిలబెట్టి తాడు కట్టమని బావకు చెప్పు. దేవుడి పటం గల్లాపెట్టె వైపు పెట్టుకో, ఊదుబత్తి అక్కడ వెలిగించుకో.

నీ సంగతి నాకు తెలుసు. మొన్న జ్వరంతో పడుకుని కూడా "మంచిగున్న" అన్నావు. ఇదీ అట్లాగే "తీసేసిన తియ్" అంటావు. అందుకని ఆ స్టాండు రెండు బోల్టులు విప్పి గంగన్న చేతిలో పెట్టు. ఆయన తిరిగొచ్చి అవి నా చేతిలో పెడితే గానీ నాకు కంటి మీద కునుకు రాదు.

బావకు, అత్తమ్మకు నా నమస్కారాలు, లావణ్యకు ముద్దులు. నన్ను తిట్టుకోకుండా దీవించు. చింతకాయ తొక్కు పంపుతానన్నావు కదా. అది మరిచిపోయినా ఏమీ అనుకోను. బోల్టులు మాత్రం మరిచిపోకు.

నీ తమ్ముడు,
రాజేశం