గరిక వేసిన బిందెలు

27 మార్చి 1986, తిరుచానూరు

నాయన ఆటో కోసం పోయాడు. వదినను తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను. వదినకు ఏడో నెల. మధ్యాహ్నం నుంచి కడుపులో బిడ్డ కదలలేదు.

నిన్న రాత్రి అన్నాల దగ్గర, క్లాసులో విన్నది ఉత్సాహంగా చెప్పాను. ఇప్పుడొచ్చిన తోకచుక్కలో కర్బన అణువులు ఉన్నాయట, మన ఒంటికి మూలమైనవీ అట్లాంటివేనట. సయనైడ్ లాంటిది కూడా ఉందట.

"అంటే విషమా?" అంది అమ్మ.

చానా కొంచెమే, అదీ కోట్ల మైళ్ల దూరంలో అన్నాను. ఆ మాట అమ్మ వినలేదు. గ్రహణానికి చేసినట్టే బిందెల్లో గరిక వేసి, వదినకు అన్నం, నీళ్లు మాన్పించింది. గ్రహణమైతే కాసేపటికి విడుస్తుంది, ఇదెప్పుడు విడుస్తుందని అడిగితే, "సదువుకునిందానివి, నువ్వే సెప్పు" అంది.

పొద్దున దొంగచాటుగా చెంబుతో నీళ్లిచ్చాను. వదిన తాగలేదు. "మన ఒంట్లో ఉండేదే ఆడా ఉండాదంటివే సుజాతా. నా బిడ్డను అది లాక్కుంటాదేమో" అంది. అట్లా జరగదన్నాను. ఎందుకు జరగదో ఆమెకు నమ్మకం కలిగేటట్టు చెప్పడం నాకు చేతకాలేదు.

ఇప్పుడే తలుపు దగ్గర నుంచి చూశాను. అమ్మ తన చేత్తోనే బిందెలో గరిక తీసి పారేసి, వదిన నోటికి చెంబు పెట్టింది. "తాగమ్మా, తాగు" అంటోంది. ఏ గ్రహణంలోనూ అమ్మ ఇట్లా చేయగా నేను చూడలేదు.

ఆటో ఇంకా రాలేదు.