దొరకని పైలట్

హోసూరు, ఆదివారం రాత్రి

మా అంతరిక్ష సీరియల్ అభిమానుల గ్రూపులో ఇవాళంతా ఒకటే చర్చ. నౌకతో సహా మాయమైన పైలట్‌ను వచ్చే సీజన్‌లో చనిపోయినట్టు తేల్చేస్తారట. లీకైన ఫొటోలో అతని భార్య ఖాళీ శవపేటిక ముందు నిలబడి ఉంది.

తమిళ డబ్బింగులో ప్రతి ఎపిసోడూ నా పక్కన కూర్చుని చూసే పిన్నికి ఈ మాట దాచలేకపోయాను.

"శవం యాడన్నా దొరికినాదా?" అని అడిగింది.

లేదన్నాను.

"మరి కర్మలు ఎట్ల చేస్తారమ్మా? సచ్చింది చూసినోళ్ళు ఎవురుండారు?"

చిన్నాయన లారీ తీసుకుని సూళగిరి దాటి వెళ్ళి ఏళ్ళయింది. మనిషీ రాలేదు, కబురూ లేదు. ఆయన అన్నలు నిన్ననే వేప్పనపల్లి నుంచి వచ్చారు. దర్భతో బొమ్మ చేసి, ఆయన పేరున దహనం చేసేద్దామని చెప్పి వెళ్ళారు. పిన్ని వాళ్ళకు కాఫీ ఇచ్చి, గ్లాసులు కడగడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఇవాళ మాత్రం, "ఆ పైలట్ బతికే ఉండాడని నీ గ్రూపులో రాయమ్మా" అంది.

రాశాను. ఆధారం ఏమిటని వెంటనే ఎవరో అడిగారు.

రోజూ పొద్దున్నే పిన్ని అద్దం ముందు నిలబడి కుంకుమ పెట్టుకుంటుంది. ఆధారం అడిగినవాళ్ళకేమని రాయను?