కోటలో వీక్లీ ఆఫ్

కటవారియా సరాయ్, ఢిల్లీ
మార్చి 11, మంగళవారం

ప్రియమైన కండక్టరు గారికి,

మీ పెర్సిస్ వందనాలు. ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో కోపం వస్తే మర్చిపోతాను.

ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో! నర్సింగు హాస్టల్ నుంచి అమ్మకి రాసిందే ఆఖరు. మన చర్చి అయ్యగారు మంచి శిక్షే వేశారు లెండి. "ఈస్టరు దాకా శ్రమకాలమంతా అందరూ మాంసం మానతారు, మీరిద్దరూ ఫోను మానండి. నలభై రోజులు ఉత్తరాలే" అన్నారు. మనం ఫోనులో అరుచుకునేది నరసాపురం అంతా వినపడినట్టుంది. ఈస్టరు నాటికి తేల్చుకోవాలి. నేను ఈ ఆసుపత్రి ఉద్యోగం వదిలి అక్కడికి రావాలా, మీరు ఆర్టీసీ వదిలి ఇక్కడికి రావాలా? పెళ్ళయి నాలుగేళ్ళు, అందులో రెండేళ్ళు ఎవరి కొంపలో వాళ్ళం. ఇంకో ఏడాది ఇలాగే అంటే నా వల్ల కాదు. మీ వల్లా కాదని మీరే అన్నారు. కానీ మీరు వస్తానంటూనే ఉంటారు, రారు. నాకు నమ్మకం లేదు. రాసేశాను, కొట్టెయ్యను.

ఇవాళ ఆఫ్. గదిలో కూర్చోబుద్ధి కాలేదు. పక్క గదుల్లో పిల్లలు పోటీ పరీక్షలకి చదువుతూ ఉంటారు. వాళ్ళ గొణుగుడు వింటుంటే నాకూ ఏదో పరీక్ష ఉన్నట్టే ఉంటుంది. బస్సెక్కి తుగ్లకాబాద్ కోటకి వెళ్ళాను. ఏడు వందల ఏళ్ళ నాటి కోట. కోటంటే ఏముంది, గోడలు. కానీ ఎంతలేసి గోడలనుకున్నారు! ఒక్కో రాయి మన వంటింటంత ఉంది. లోపల తుమ్మ పొదలు, కోతులు, సెల్ఫీలు తీసుకునే జంటలు. ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. ఒక్క చోట ఐదు నిమిషాలు కూర్చోలేకపోయాను.

నాలుగేళ్ళలో కట్టేశారట ఈ కోటంతా. కట్టినంత కాలం కూడా కాపురం ఉండలేదట. ఎవరో సాధువు శపించాడంటారు. మనకెవరు శాపం పెట్టారండీ?

వేళకి తినండి. పచ్చడి మెతుకులతో సరిపెట్టకండి.

ఎదురు చూస్తూ,
మీ పెర్సిస్


నరసాపురం
మార్చి 15

ప్రియమైన పెర్సీకి,

నేను కులాసా. నీ ఉత్తరం స్పీడు పోస్టులో డిపోకే వచ్చింది. డ్రైవరు సాయిప్రకాష్ దాన్ని పైకెత్తి "మా కండక్టరు గారికి ప్రేమలేఖ వచ్చిందహో" అని బస్టాండంతా చాటాడు. విప్పి చూస్తే మొదటి పేజీలోనే తిట్లు.

రాళ్ళు చూడ్డానికి టికెట్టు కొనుక్కున్నదానివి నువ్వే. మన ఊళ్ళో పాత కాలవ లాకుల దగ్గర బోలెడు రాళ్ళున్నాయి, ఉచితం. కోతి కరిస్తే ఇంజెక్షను నీకు నువ్వే పొడుచుకుంటావా? ఒక్కదానివే వెళ్ళావా, ఎవరైనా తోడున్నారా? అనుమానంతో అడగడం లేదు. అడిగితే అనుమానమంటావని ముందే చెబుతున్నాను.

నమ్మకం లేదన్న మాట రెండుసార్లు చదివాను. రోజుకి నాలుగు ట్రిప్పులు నరసాపురం, భీమవరం, మళ్ళీ నరసాపురం. దిగితే ఖాళీ ఇల్లు. నాకు మాత్రం సరదానా? ఈసారి నోటిమాట కాదు. రాజీనామా తెల్లకాగితం మీద రాసి పెట్టాను. నీ జీతం మీద ఆర్నెల్లు నెట్టుకొస్తే, అక్కడే ఏదో ఒకటి చూసుకుంటాను.

ఈస్టరు ముందు వచ్చే మట్టల ఆదివారానికి చర్చి బృందానికి పాటలు నేర్పిస్తున్నాను. ఆడవాళ్ళ సోప్రానో వరసలో నీ చోటు ఖాళీగానే ఉంది.

నీ యేసుకుమార్


ఢిల్లీ
మార్చి 20, గురువారం

ప్రియమైన మీకు,

రాజీనామా సంగతి చదివాను. తొందరపడకండి. నిజంగా చెబుతున్నాను, తొందరపడకండి. ఈస్టరు దాకా గడువుంది కదా.

తోడెవరూ లేరు. సోమవారం పురానా ఖిల్లా చూశాను. నిన్న మా గదికి దగ్గర్లోనే ఉన్న బిజయ్ మండల్. అది కూలిపోయిన మేడ. దాని మీదెక్కి చూస్తే ఢిల్లీ సగం కనిపిస్తుంది. ఏమిటో, కాళ్ళు ఆగడం లేదు. ఇవాళ ఫిరోజ్ షా కోట్లా. దీని సంగతి మీకు చెప్పి తీరాలి. మీలోనే ఉంచుకోండి.

ఇక్కడ గురువారం గురువారం జనం వస్తారు, జిన్నులకి అర్జీలు పెట్టుకోవడానికి. జిన్నులంటే దేవుడు నిప్పుతో చేసినవాళ్ళట, మన కంటికి కనపడరట. కోట కింద చీకటి గదులున్నాయి. గోడల నిండా గూళ్ళు, గూళ్ళ నిండా కాగితాలు. పేరు, తండ్రి పేరు, అడ్రసు, ఫోను నంబరు, పాస్‌పోర్టు ఫొటో, అన్నీ అంటించి మరీ పెడతారు. ఒక్కో గూట్లో ఒక్కో జిన్ను ఉంటాడట. అందుకని అర్జీకి పది జిరాక్సులు తీసి, అన్ని గూళ్ళలోనూ తలొకటి పెడతారు. ఏ ఆఫీసరు సంతకం చేస్తాడో తెలియనప్పుడు అందరికీ కాపీ పంపినట్టు!

నవ్వుకున్నాను మొదట. తర్వాత ఒకావిడ పక్కన కూర్చుంది. కొడుక్కి కిడ్నీ జబ్బు. "రాసెయ్ దీదీ, మనసు తేలికవుతుంది" అంది. మన చర్చి కూడికలో ప్రార్థన మనవుల డబ్బాలో చీటీలు వెయ్యమూ? అలాంటిదే కదా అనిపించింది. నేనూ రాశానండీ. తెలుగులోనే రాశాను. వాళ్ళకి తెలుగొచ్చో రాదో! ఏం రాశానో అడగొద్దు. దేవుడు నన్ను క్షమించు గాక, అయ్యగారికి తెలియకుండు గాక.

రాజీనామా ఇవ్వకండి.

మీ పెర్సిస్


నరసాపురం
మార్చి 26

ప్రియమైన పెర్సీకి,

ముందు తప్పు ఒప్పుకుంటున్నాను. ఉత్తరం చదివి భయపడ్డాను. చీకటి గదులేంటి, జిన్నులేంటి? శనివారం గృహకూడికలో అయ్యగారు "మనవులేమైనా ఉన్నాయా" అంటే నోరు జారాను. "పెర్సిస్ మనసు బాగోలేదండి, పాత కోటల్లో తిరుగుతోంది, అక్కడేవో ఆత్మలకి చీటీ పెట్టింది" అన్నాను. అంతే! స్త్రీల సమాజం ఫ్లోరమ్మ గారు లేచి ఒక కేక పెట్టారు. మూడు రోజుల గొలుసు ఉపవాసం పెట్టేశారు. గంటకొకరు చొప్పున నీకోసం మోకరించారు. ఆవిడైతే నా నెత్తిన చెయ్యి వేసి "గోడల్లో దాగిన దురాత్మా, వదులు" అని అదిలించింది. దురాత్మ నాలో ఉందనుకుందో ఏమో!

తిట్టు, పడతాను. అందరిముందూ నీ మాట బయట పెట్టడం తప్పే.

ఇంకొకటి. డ్యూటీ చార్టులు చూసి చూసి ఈ బుర్ర తేదీలే లెక్కపెట్టేలా తయారైంది. పదకొండు మంగళవారం కోట. పదిహేడు సోమవారం కోట. పంతొమ్మిది బుధవారం, ఇరవై గురువారం కోటలే. నర్సుకి వారానికి ఒక్క ఆఫ్ అని నువ్వే కదా ఏడ్చేదానివి? మీ ఆసుపత్రివాళ్ళు అంత మంచోళ్ళు ఎప్పుడయ్యారు?

సరే, సోమవారం డిపో మేనేజరు డీఎం గారికి రాజీనామా ఇచ్చేశాను. నెల నోటీసు. ఇప్పుడైనా నమ్ముతావా?

నీ యేసుకుమార్


నరసాపురం
ఏప్రిల్ 3

పెర్సీ,

ఎనిమిది రోజులైంది, ఒక్క ముక్క లేదు. నా మీద కోపమైతే తిడుతూ రాయి. ఒంట్లో బాగోలేకపోతే, శ్రమకాలం సంగతి నేను దేవుడితో చెప్పుకుంటాను, ఫోను చెయ్యి. బస్సులో ఒకాయనకి వీరవాసరం టికెట్టు బదులు పాలకొల్లు కొట్టి ఇచ్చాను నిన్న.

యేసు


ఢిల్లీ
ఏప్రిల్ 5

ప్రియమైన మీకు,

మీ రెండు ఉత్తరాలూ అందాయి. ఊరందరికీ చెప్పినందుకు మిమ్మల్ని దులిపెయ్యాలని నాలుగు పేజీలు రాశాను. చింపేశాను. ఆ హక్కు నాకు లేదు.

నాకు ఉద్యోగం లేదండీ. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన పోయింది. ఆ రోజు వార్డులో పద్దెనిమిది మందికి నేనొక్కదాన్నే. బీపీలు చూసే తీరిక లేదు. చూసినట్టు చార్టులో అంకెలు వేసి సంతకం పెట్టమంది ఇన్‌చార్జి సిస్టరు. పెట్టనన్నాను. "తో ఛోడ్ దో నౌకరీ" అంది, మానెయ్ అని. మానేస్తున్నానని పెన్ను బల్ల మీద కొట్టి వచ్చేశాను. బస్టాపు దాకా రాణిలా నడిచాను. బస్టాపులో ఏడుపొచ్చింది. అప్పటినుంచి నాలుగు చోట్ల అడిగాను. పాత చోటు నుంచి బాగా పనిచేసిందని కాగితం తెమ్మంటారు. వాళ్ళిస్తారా?

మీకు చెప్పలేకపోయాను. ఫోనులో "డ్యూటీలో ఉన్నా" అనడం ఎంత తేలికో! ఇల్లుగలావిడకీ చెప్పలేదు. "ఆజ్ డ్యూటీ నహీ, బేటా?" అని, ఇవాళ డ్యూటీ లేదా అని, ఒక్క పూట గదిలో ఉన్నా గుమ్మంలోనే అడుగుతుంది. అందుకని పొద్దున్నే యూనిఫారం వేసుకుని, డబ్బా కట్టుకుని బయటపడతాను. పార్కులో గంట కూర్చుంటే కాపలావాడు చూస్తాడు. మాల్‌లో అయితే ఏదో ఒకటి కొనాలి. కోటలో అయితే ఎవరూ ఏమీ అడగరు. అక్కడ అందరూ టూరిస్టులే. పొద్దుగూకేదాకా రాయి మీద కూర్చోవచ్చు. నేను చూసిన కోటలన్నీ అలా చూసినవే. మీకు రాసినవి తక్కువ. తుగ్లకాబాద్ పదకొండుసార్లు వెళ్ళాను.

మొన్న అక్కడ ఒక పెద్దావిడ మెట్టు తప్పి చీలమండ మెలిపెట్టుకుంది. ఆవిడ చున్నీతోనే కట్టు కట్టాను. వాళ్ళాయన దండం పెట్టి "నర్సువా బేటీ?" అన్నాడు. అవునన్నాను. ఆ మాట చెప్పి నెల దాటింది కదా, వెక్కి వెక్కి ఏడ్చాను. పాపం, వాళ్ళే నాకు మంచినీళ్ళిచ్చారు.

జిన్నుకి ఏం రాశానో కూడా చెప్పేస్తాను. "మా ఆయన ఢిల్లీ రాకుండా చూడు" అని రాశాను. పది కాపీలు పెట్టాను. మీరొస్తే నా అబద్ధం మీ కళ్ళ ముందు ఉంటుంది. ఆ చీటీకి మన సంఘమంతా మూడు రోజులు తిండి మానేసింది! ఫ్లోరమ్మ గారికి ఏ మొహం చూపించను?

నా జీతం చూసుకుని మీరు రాజీనామా ఇచ్చారు. నా నోట్లో మన్ను పడ! డీఎం గారి కాళ్ళయినా పట్టుకుని ఆ కాగితం వెనక్కి తీసుకోండి. గవర్నమెంటు ఉద్యోగమండీ. నా కోసం పోగొట్టుకోవద్దు.

మీ క్షమాపణ కోరుతూ,
పెర్సిస్


నరసాపురం
ఏప్రిల్ 10

నా పెర్సీకి,

నీ ఉత్తరం చదవగానే నాకు సంతోషమేసింది. సిగ్గులేకుండా చెబుతున్నాను. ఉద్యోగం పోయింది, ఇంకేం, వచ్చేస్తుంది, నేనెక్కడికీ పోనక్కర్లేదు అనుకున్నాను. భీమవరం దాకా నవ్వుమొహంతో టికెట్లు కొట్టాను. చిల్లర లేదన్నవాణ్ణి కూడా ఏమీ అనలేదు.

ఎందుకంటే నేను రాజీనామా ఇవ్వలేదు పెర్సీ. ఇచ్చానని రాసింది పచ్చి అబద్ధం. నమ్మకం లేదన్నావని రోషం వచ్చింది. డీఎం గారి గది దాకా మూడుసార్లు వెళ్ళాను, తలుపు దగ్గర్నుంచి తిరిగొచ్చేశాను. ఆ కాగితం జేబులోనే చెమటకి నానిపోయింది. నా భయమేంటో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నిరుడు నీ దగ్గరికి వచ్చినప్పుడు పాల ప్యాకెట్టుకని బయటికెళ్ళి, మూడు గంటలు మీ సందు దొరక్క తిరిగాను కదా. అడుగుదామంటే నోట హిందీ ముక్క రాలేదు. ఇక్కడ బస్సు నిండా జనాన్ని ఒక్క కేకతో సర్దుకునేలా చేసేవాణ్ణి, అక్కడ పాల ప్యాకెట్టు పట్టుకుని నిలబడ్డాను. నువ్వు వెతుక్కుంటూ వచ్చి, చూసి నవ్వావు. నీ తప్పేం లేదు, ఎవరైనా నవ్వుతారు. ఆ రోజునుంచీ ఢిల్లీ పేరెత్తితే వస్తానని చెప్పి, మాట మార్చేస్తున్నాను.

తిరుగు ట్రిప్పులో వీరవాసరం దాటాక బస్సు ఖాళీ అయింది. వెనక సీట్లో కూర్చుని లెక్కవేశాను. నీ ఉద్యోగం పోయింది ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన. నాకు నిజం రాసింది ఏప్రిల్ ఐదున. ముప్పై ఆరు రోజులు. అందులో ఏ రోజైనా నువ్వు రైలెక్కొచ్చు. ఎక్కలేదు. ఎండలో, కోతుల మధ్య, యూనిఫారం వేసుకుని రాళ్ళమీద కూర్చున్నావు గాని ఇంటికి రాలేదు. రెండేళ్ళూ ఉద్యోగం కోసమే అక్కడున్నావనుకున్నాను. ఉద్యోగం లేకపోయినా ఉన్నావు. నా సంతోషం అక్కడితో చచ్చిపోయింది.

నీకు ఇక్కడికి రావాలని లేదు. అది నా మీద కోపమో, ఈ ఇంటి మీద విసుగో, అక్కడ నాకు తెలియనిదేదైనా నీకు దొరికిందో, నేనెప్పుడూ అడగలేదు. "ఎప్పుడొస్తావ్" అనే అడిగాను. అయ్యగారితో చెప్పాను. "నేను కూడా ఆ ప్రశ్న అడగలేదు యేసూ" అన్నారు.

రాజీనామా ఇవ్వొద్దన్నావు, ఇవ్వను. మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టాను. పొద్దున డీఎం గారు సంతకం చేశారు, ఇది నిజం. "ఎక్కడికయ్యా" అన్నారు. "మా ఆవిడ దగ్గరికండి" అన్నాను. నిన్ను తీసుకురావడానికి రావడం లేదు. నువ్వు ఎక్కడ ఉండాలనుకుంటున్నావో చూడ్డానికి వస్తున్నాను. చూశాక నువ్వు వెళ్ళిపొమ్మంటే, ఏడుస్తానేమో గానీ వెళ్ళిపోతాను. ఆ చార్టు మీద సంతకం పెట్టనందుకు మాత్రం నాకు నీ మీద గర్వంగా ఉంది. ఇది మొదటి పేజీలోనే రాయాల్సింది.

శుభ శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే, ఆరాధన అవగానే బయలుదేరి, విజయవాడలో రైలెక్కుతాను. ఈస్టరు రోజు ఉదయం న్యూఢిల్లీలో దిగుతాను. నువ్వు స్టేషనుకి రావద్దు. అడ్రసు హిందీలో రాయించుకున్నాను, అడుక్కుంటూ నేనే వస్తాను. ఎంతసేపు పట్టినా వెతకడానికి రాకు. ఆ రోజు ఎక్కడికీ వెళ్ళకుండా గదిలో ఉండు, చాలు.

నీ యేసుకుమార్